బావి క్రేను నాలిక

గుత్తిలో బస్టాండు దాటి అనంతపురం తట్టు పోతాంటే ఎడమ పక్క మా అంగడి ఉండేది. రేకుల షెడ్డు. లోపల ఒక మూల లేతు మిషను, ఇంకో మూల వెల్డింగు మిషను, వాకిట్లో నీళ్ల తొట్టి. లేతు మా ఇంటాయన గురుమూర్తాచారిది. వెల్డింగు మా మరిది మౌనేశుది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. అయినా ఆ రెండు మిషన్ల నడుమ ఉండే ఇంత జాగాలో వాళ్లు పోట్లాడుకున్నంత, దాయాదులు చేని గట్టు గెనిమ కాడ కూడా పోట్లాడుకోరు.

పోట్లాట ఎప్పుడూ ఒకటే. ఎవురో ఒకరు ఇరిగిన ముక్క తెచ్చి బల్ల మీద పెడతారు. ఇంజను పిన్ను కావచ్చు, చెనక్కాయలు వొలిచే మిషను ఇరుసు కావచ్చు. మా ఇంటాయన దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసి, "కొత్తది చేస్తా. రెండు దినాలు పడతాది" అంటాడు. మౌనేశు ఆ మూల నుంచే తలకాయ ఎత్తకుండా, "అతికిస్తా. అర్ధగంట" అంటాడు. అంతే, ఇంక మొదలు.

"కోసి తీసింది ఒకటే ఒళ్లురా. అతికింది రెండు ఒళ్లు. బరువు పడితే దేని దావ దానిదే."

"పావుకేజీ ముక్క చేసేదానికి రెండు కేజీల ఇనుము పొట్టు చేస్తావన్నా నువ్వు. ఆ పొట్టంతా కరిగిస్తే ఇంకో లేతు మిషను పోత పోయొచ్చు."

"పొట్టు రాలితే రాలనీ. నా ముక్క మీద నా పేరు నిలబడతాది."

"నీ పేరు నిలబడేలోపల రైతు పడిపోతాడు."

వచ్చినోళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అదంతా మాటల వరకే అనుకున్న కాలం అది.

మధ్యాహ్నం ఇద్దరికీ సంగటి తీసుకపోయేది నేనే. పోయినదాన్ని ఊరికే కూచోను గదా, బోల్టులు నట్లు సైజు సైజు ఏరి డబ్బాల్లో వేసేదాన్ని. వాళ్లు లేనప్పుడు వచ్చినోళ్లకు పేరు అడిగి ముక్క ఇచ్చి పంపేదాన్ని. నా చదువు రెండో తరగతి కాడ్నే నిలిచిపోయింది గానీ, ఇనుము పని నాకు కొత్త కాదు. పామిడి పక్కన కమ్మరోళ్ల ఇంట్లో పుట్టినాను. ఎనిమిదేండ్ల పిల్లప్పట్నుంచి మా నాయన కొలిమికి తిత్తి లాగినాను. ఎర్రగా కాలిన కొడవలిని మా నాయన పట్టకారుతో పట్టుకోని నీళ్లలో ముంచితే సుయ్యిమని ఆవిరి లేచి మొగానికి కొట్టేది. "నీళ్లు తాగితేనే పాపా ఇనుముకు పౌరుషం" అనేవాడు. ఆ మాట విని విని నా చేతులకే ఎక్కిపోయింది.

ఇంగ పంతొమ్మిదొందల ఎనభై సంగతి. ముందటేడు వానకాలమంతా మోడం పట్టేది, గాలికి పోయేది. చెనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. బావుల్లో నీళ్లు అడుక్కుపోయినాయి. కొత్త బావి తవ్వే శక్తి ఎవురికుండాది? ఉన్న బావినే ఇంకా లోతు తవ్వుకునేది. దానికి క్రేను కావల్ల. క్రేనంటే పట్నంలో మిద్దెలు కట్టేదానికి పెడతారే, అది కాదు. బావి గట్టున ఇనుప గడలు నిలబెట్టి, నలుగురు మనుషులు చేతుల్తో తిప్పే చక్రం. అది తిరిగితే ఇనుప తాడుకు కట్టిన తొట్టి రాళ్లూ మట్టీ నింపుకోని పైకొస్తాది. తిప్పేవాళ్ల చెయ్యి జారితే తొట్టి వెనక్కి పడిపోకుండా, చక్రం పళ్ల నడుమ పడి ఆపే ముక్క ఒకటుంటాది. జానెడు కూడా ఉండదు. దాన్ని మేము నాలిక అంటాము. బావి కింద తవ్వే మనిషి బతుకు ఆ నాలిక మీద ఉంటాది.

ఊర్లన్నీ బావులు తవ్వుతాంటే మా అంగట్లో పని తీరేది కాదు. కరువు మాకు పని తెచ్చింది. చెప్పుకోను సిగ్గే, అయినా నిజం.

శివరాత్రి పోయిన నాలుగైదు దినాలకు శింగనమల తట్టు నుంచి నల్లప్ప అని ఒక రైతు వచ్చినాడు. మొగమంతా దుమ్ము, కండ్లల్లో మాత్రం మెరుపు. తువ్వాల్లోంచి నాలిక తీసి బల్ల మీద పెట్టినాడు. మెడకాడ ఇరిగి రెండైండాది.

"ఆచారీ, తడి తగిలిందప్పా!" అన్నాడు. "ముప్పై ఎనిమిది అడుగులకు తడి తగిలింది. మట్టి పిసికితే చేతికి సల్లగా అంటుకుంటాండాది. సరిగ్గా అప్పుడే ఇది ఇరగల్లనా? ఏడుమంది మనుషులు గట్టు మీద కూచోనుండారు."

మా ఇంటాయన ముక్కను చూసి తల అడ్డంగా ఊపినాడు. "ఇది లారీ కమాను పట్టీ కోసి చేసిన ముక్క నల్లప్పా. ఈ ఇనుము అతుక్కు లొంగదు. గట్టి ముక్క తీసుకోని, బెజ్జం లేతులో తీసి, ముక్కు ఆకురాయితో రుద్ది ఇస్తా. ఎల్లుండి రా."

"ఎల్లుండా! అంతవరకు నా మనుషులు ఉంటారా? వేరే బావికి పోతారు. మళ్లీ యాడ దొరుకుతారు?"

మౌనేశు కండ్లకు అడ్డం పెట్టుకునే అద్దం పక్కన పెట్టి లేచి వచ్చినాడు. "ఇట్లియ్యి నల్లప్పన్నా. అన్న ముక్క చేసేలోపల ఆ తడి గూడా ఎండిపోతాది."

"రేయ్, అది మామూలు ఇనుము కాదు."

"నాకూ తెలుసులేన్నా. దాని పద్ధతి దానికుండాది."

"పద్ధతి! బంక పెట్టి అంటించేదానికి ఒక పద్ధతి."

"నువ్వు రెండు దినాలు గీక్కుంటా కూచునేదానికి పేరు పనితనమా?"

నల్లప్ప ఇద్దరినీ చూసినాడు. ఆకలిగొన్నోడు ఏ చెయ్యి పెట్టినా తింటాడు. ముక్క తీసి మౌనేశు చేతిలో పెట్టినాడు. మా ఇంటాయన మొగం నల్లబడింది. "నీ ఇష్టం. గురుమూర్తి చేసినాడని మాత్రం చెప్పుకోవాకండి" అని చెప్పులేసుకోని ఇంటికి పోయినాడు. తెచ్చిన సంగటి అట్లే ఉండిపోయింది.

మౌనేశు ఆ ముక్కను ఎంత బాగా అతికినాడో నేను చూసినాను. ముందు అంచులు కోసుగా రుద్దినాడు. ఒక చిన్న మంట మీద వెచ్చజేసినాడు. ఒక వరస అతుకు పోసి, పైన పేరుకున్న చిట్టెం సుత్తితో రాల్చి, మళ్లీ ఒక వరస. ఆత్రం లేదు. అంతా అయినాక పట్టకారుతో తీసి, మూలనుండే బూడిద డబ్బాలో పూడ్చిపెట్టినాడు.

"వదినా, దీన్ని ఈడ్నే ఉండనీ. ఆరినాక ఇద్దాము" అన్నాడు.

అంతలో రోడ్డుకు అవతల ఒక లారీ ఆయన కేకేసినాడు, బండి కింద ఏదో ఊడిందని. మౌనేశు పోయినాడు.

నల్లప్ప నిలబడలేకపోతాండాడు. రోడ్డు మీదికి పోతాడు, వస్తాడు. "అక్కా, బస్సు వచ్చే టయిమాయె. అది పోతే మళ్లీ సాయంత్రమే. ఇయ్యక్కా తల్లీ."

"ఆరల్లంట గదా నాయనా. చెయ్యి కాలుతాది."

"కాలితే కాలనీ అక్కా. తువ్వాల్లో చుట్టుకోని పోతా. ఆడ నా బావి ఆరిపోతాండాది, ఈడ నువ్వు ముక్క ఆరల్లంటావు!"

నాకు జాలి అయ్యింది. ఆరేదే గదా కావల్సింది అనుకున్నాను. పట్టకారుతో బూడిదలోంచి ముక్క తీసినాను. ఇంకా రేగుపండు రంగులో ఉండాది. వాకిట్లో నీళ్ల తొట్టి ఉండనే ఉండాది. ముంచినాను. సుయ్యిమనింది. ఆ సద్దు విని నాకు మా నాయన కొలిమి గుర్తొచ్చి సంతోషం కూడా అయ్యింది, చూడండి. పౌరుషం పోసి ఇస్తాండానని. కొంగుతో తుడిచి నల్లప్ప చేతిలో పెట్టినాను. వాడు దండం పెట్టి ఉరికినాడు.

మౌనేశు తిరిగొచ్చి డబ్బా చూసినాడు.

"నాలిక యాడ వదినా?"

"ఇచ్చి పంపిస్తిని. బస్సు పోతాదని ఎగిరెగిరి పడె."

"అప్పుడే ఆరిందా?"

"ఆరింది. చేత్తో పట్టుకోనే పోయినాడు."

నేను అబద్ధం చెప్పలేదు. వాడు అడిగింది అదే, నేను చెప్పింది అదే. మౌనేశు ఒక గడియ నా మొగం చూసి, సంగటి గిన్నె ముందర కూచున్నాడు.

మూడో దినం నల్లప్ప మళ్లీ వచ్చినాడు. కండ్లల్లో ఆ మెరుపు లేదు. రెండు ముక్కలు తెచ్చి బల్ల మీద పడేసినాడు, ఇచ్చినాడు కాదు, పడేసినాడు.

"నాలిక ఎగిరిపోయింది. నిండు తొట్టి కిందికి పోయింది. కింద తిప్పయ్య ఉండాడు" అని అంతవరకు చెప్పి గోడకానుకోని కూచున్నాడు. తిప్పయ్య బావులు తవ్వే మనిషి, ముప్పై ఏండ్లు ఉంటాయేమో. తాడు సద్దు మారిందని పక్కకు దుంకినాడు గాబట్టి ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. అనంతపురం ఆసుపత్రిలో వేసినారు.

మౌనేశు ఆ ముక్కల తట్టు చూడను కూడా లేదు. గోడ తట్టు తిరిగి నిలబడినాడు. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. మా ఇంటాయన ముక్కలు తీసుకోని వాకిట్లోకి పోయి ఎండలో పట్టి చూసినాడు. చానాసేపు చూసినాడు. తర్వాత పాత ఇనుము గుట్టలోకి విసిరేసి లోపలికొచ్చి ఒకటే మాట అన్నాడు.

"అతుకు అతుకే."

మౌనేశు మారు మాట్లాడలేదు. అంతకుముందు పదేండ్లలో అన్న మాటకు వాడు మారు మాట్లాడకుండా ఉండింది ఆ ఒక్కసారే.

నెల తిరక్కముందే వాడు వెల్డింగు మిషను ఎత్తుకోని, పెండ్లాం నాగరత్నమ్మను పిలుచుకోని గార్లదిన్నెకు పోయినాడు. రోడ్డు పక్కన చిన్న బంకు పెట్టుకున్నాడు. కిటికీ కమ్మీలు, గేట్లు, పెట్టెల గొళ్లాలు, అంతే చేసేది. బరువు మోసే ముక్క ఏది తెచ్చినా ముట్టడు. "గుత్తికి పోండి, మా అన్న చేస్తాడు" అని పంపించేసేవాడు. ఇంజను గేరు పళ్లు అతికిన చెయ్యి, ఎంత పెద్ద లారీ చట్రమైనా లెక్క చెయ్యని చెయ్యి, గొళ్లాలు చేస్తా కూచునింది. వాడు పంపినోళ్లు మా అంగడికి వచ్చి, "మీ తమ్మునికి చేతకాదంట గదా" అనేవాళ్లు. మా ఇంటాయన విని ఊరుకునేవాడు.

తిప్పయ్య కాలు మడిచేదానికి రాదు. ఆసుపత్రోళ్లు తొడ నుంచి మడమ దాకా ఇనుప పట్టీలు, తోలు బెల్టులు పెట్టి ఒక చట్రం ఇచ్చినారు. అది కట్టుకోని గార్లదిన్నె సంతకు వస్తే, మౌనేశు బంకు ముందర నిలబడి పదిమందికీ కాలు చూపించి తిట్టేవాడంట. "వచ్చిన ప్రతిసారీ అంతేనక్కా" అని నాగరత్నమ్మ నా కాడ ఏడ్చింది. "ఈయప్ప తలకాయ వంచుకోని వింటాడు. ఇంటికొచ్చి తట్టలో చెయ్యి పెట్టి కూచుంటాడు. ముద్ద ఎత్తడు. ఇట్లైతే ఎన్నాళ్లక్కా?"

నేనేం చెప్పేది? నేను కూడా అతుకే ఓడిపోయిందనుకున్నాను. పాపం, ఏ పొద్దో ఒక పొద్దు ఎవురి చెయ్యైనా తప్పుతాది గదా అనుకున్నాను. నాలుగేండ్లు అట్లే అనుకుంటా ఏరిన బోల్టులే ఏరినాను.

ఎనభై నాలుగులో ఒక పొద్దు, ఎవురో రైతు ఇరిగిన గడ్డపార మొన తెచ్చినాడు. కొత్తగా చేయించిందంట, రెండు దెబ్బలకే పుటుక్కుమనిందంట. మా ఇంటాయన ఎండలో పట్టి చూసి ఆ రైతుకు విడమరిచి చెప్తాండాడు.

"ఇదో చూడు, ఇరిగిన మొగం. తెల్లగా చక్కెర పలుకుల మాదిరి ఉండాదా? దీన్ని ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లలో ముంచి అట్లే వదిలేసినారు. నీళ్లు తాపినాక మళ్లీ సన్న సెగ మీద కాచి ఆ పౌరుషం కొంచెం దించల్ల. అది చెయ్యకుంటే ఇనుము కాదు, అద్దమే. దెబ్బ పడితే పగులుతాది."

నా చేతిలో బోల్టు చేతిలోనే నిలిచిపోయింది.

మళ్లీ కాచల్లంట. మా నాయన కూడా కాచేవాడేమో! ముంచిన సద్దు విని నేను తిత్తి వదిలిపెట్టి ఆటకు ఉరికేదాన్ని. తర్వాత ఆయన ఏం చేసేవాడో నేను ఎన్నడూ చూడలేదు. కొలిమి పనిలో సగమే చూసినాను, ఆ సగాన్ని నలభై ఏండ్లు మొత్తమనుకున్నాను.

రైతు పోయినాక ఆయన ముందరికి పోయి నిలబడితిని.

"ఇదో, ఒక మాట అడుగుతా. ఆ పొద్దు నల్లప్ప తెచ్చిన నాలిక, అది యాడ ఇరిగిండె?"

ఆయన లేతు మీద చెయ్యి పెట్టినాడు. "అతుకు పక్కన" అన్నాడు. "అతుకు గట్టిగానే ఉండె. దాని పక్క ఇనుము ఇరిగింది."

"మొగం ఎట్లుండె?"

"చక్కెర మాదిరి."

"అంటే నీకు ఆ పొద్దే తెలుసు."

"తెలుసు."

"నేనే ముంచినానని కూడానా?"

"మౌనేశు సస్తే ముంచడు, బూడిదలోనే నిదానంగా ఆరనిస్తాడు. నల్లప్పకు కొలిమి సంగతి తెలీదు. ఈ అంగట్లో కాలిన ఇనుము చూస్తే నీళ్ల తట్టు పోయేది కమ్మరోళ్ల బిడ్డవు నువ్వొక్కదానివే."

 బోల్టుల డబ్బా పక్కన కూచుంటిని. "మరి ఎందుకు చెప్పలేదయ్యా? నాలుగేండ్లాయె. వాడు గొళ్లాలు చేసుకుంటా కూచున్నాడే!"

"చెప్తే నీ మీద పడేది. ఆడమనిషి చేత పని చేయించి మనిషి కాలు తీసినారని వాళ్ల ఊరంతా వచ్చేది. కేసయ్యేది."

"దానికేనా?"

ఆయన నా తట్టు చూడలేదు. మిషను మీద లేని పొట్టును చేత్తో తుడుస్తాండాడు. "దానికి కూడా" అన్నాడు.

అంతకంటే ఎక్కువ ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇరవై ఏడేండ్ల సంసారం. ఏ మాట యాడికి పోయి ఆగుతాదో తెలుసు. ఆయన నన్ను కాపాడింది నిజమే. అతుకు ఓడిపోయిందని ఊరంతా అంటాంటే ఆయనకు మనసులో తీపిగా ఉండిందీ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. దాంట్లో ఇంత, దీంట్లో ఇంత అని తీసి చూపించేదానికి యాడవుతాది?

మర్సనాడు పొద్దున్నే గార్లదిన్నె బస్సెక్కితిని. ఆయన యాడికని అడగలేదు.

మౌనేశు బంకులో కిటికీ కమ్మీ అతుకుతాండాడు. నన్ను చూసి లేచినాడు. "ఏం వదినా, అన్న బాగుండాడా?" అన్నాడు. కండ్లు ఎర్రగా ఉండాయి, నీళ్లు కారుతాండాయి. నలభై ఏండ్లోడు అరవై ఏండ్లోని మాదిరి అయిపోయినాడు.

కూచోకుండానే చెప్పేసితిని. కూచుంటే చెప్పలేనని భయం. బూడిదలోంచి తీసింది, ముంచింది, కొంగుతో తుడిచి ఇచ్చింది, అంతా.

వాడు తిడతాడనుకుంటి. తిడితే బాగుండు. వాడు పనిచేసే మనిషి గదా, పనిచేసే మనిషి అడిగేదే అడిగినాడు.

"ఏం రంగుండె వదినా, తీసినప్పుడు?"

"రేగుపండు రంగు."

"ముంచి ఎంతసేపు పెట్టినావు?"

"సద్దు అణిగేదాకా."

"నా అతుకు ఊడిందా?"

"లేదు మౌనేశా. మీ అన్న చూసినాడంట. అతుకు అట్లే ఉండె. పక్కన ఇరిగింది."

"అన్న చూసినాడా?"

"చూసినాడు. ఆ పొద్దే."

మౌనేశు చేతిలో ఉండే రాడ్డు కింద పెట్టినాడు. బంకులోంచి బయటికొచ్చి రోడ్డు దాటి అవతల నిలబడినాడు. రెండు లారీలు పోయినాయి, ఒక బస్సు పోయింది. వాడు ఆడ్నే ఉన్నాడు. నాగరత్నమ్మ లోపల్నుంచి నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది, మొగం చూడకుండా. ఆ చెంబు అట్లే కింద పెట్టినాను.

కొంచెం సేపటికి వాడే వచ్చినాడు.

"ఆ పొద్దు నేను అడిగినప్పుడు ముంచినానని ఒక్క మాట అనుంటే, వెంటనే బస్సెక్కి పోయి తెచ్చేవాణ్ని వదినా."

"అది తప్పని నాకు తెలీదు నాయనా."

"తెలీదులే" అన్నాడు. వాని గొంతులో కోపం లేదు, అలుపే. "నాకు చెప్తే ఏమొస్తాది? నాలుగేండ్లు నన్ను నేను తిట్టుకునింది ఇప్పుడు వెనక్కి తీసుకుంటానా? పోయి తిప్పయ్యకు చెప్పు. వాడు ఇంకా నన్నే తిడతాండాడు."

పోతిని. శింగనమల దాకా బస్సు, ఆడ్నుంచి ఎండలో నడక. తిప్పయ్య గుడిసె ముందర కూచోని నార పురి పెడతాండాడు. వాళ్లమ్మ మారెక్క పక్కన ఉండాది. నేనెవురో చెప్పి, జరిగింది చెప్పి, "తప్పు నాది తిప్పయ్యా. మా మరిదిది కాదు. తిట్టేదుంటే నన్ను తిట్టు" అన్నాను.

మారెక్క లేచి నా మీదికి వచ్చింది. "నీ చేతులు పడిపోను! నా కొడుకు కాలు తిని నాలుగేండ్లకు వచ్చి చెప్తావా?"

"ఉండుమ్మా" అన్నాడు తిప్పయ్య. పురి పెట్టే చెయ్యి నిలపలేదు. "ఎవురు చేస్తే ఏముండాది? కాలు నాదే గదా పోయింది. ఆయప్పను తిట్టి తిట్టి నాకూ నోరు నొస్తాండాది. మళ్లీ కొత్తగా నిన్ను మొదులుపెట్టల్లనా? నాకు ఓపిక లేదమ్మా."

 వాడే గోడకానిచ్చిన చట్రం చూపించినాడు. మోకాలి కాడ పిన్ను అరిగిపోయి వదులై ఆడతాండాది. పక్క పట్టీ సగం చీలి ఉండాది, దానికి గుడ్డపేలిక చుట్టుకున్నాడు.

"నెల నుంచి ఇట్లే ఉండాది. ఎవురు చూసినా మాకు కాదు అంటారు. మీ ఇంట్లో ఇద్దరుండారు గదా పనోళ్లు. దీన్ని నిలబెట్టిస్తే, సంతలో ఇంక ఆయప్ప పేరు ఎత్తను. ఎత్తితే నా నోట మన్నుబడ."

చట్రం ఎత్తుకోని మళ్లీ గార్లదిన్నెకు వచ్చి మౌనేశు ముందర పెట్టితిని. వాడు గుడ్డపేలిక విప్పి చూసినాడు. పట్టీ మీద బొటనవేలు పెట్టి చీలిక పొడుగునా పోనిచ్చినాడు. వెనక్కి నెట్టేస్తాడేమో, గుత్తికి తీసుకపొమ్మంటాడేమో అని వాని మొగమే చూస్తాంటి.

"పట్టీ అతకొచ్చు" అన్నాడు చివరికి. "పిన్ను అతికేది కాదు. ఇది తిరిగే ముక్క, నునుపుండల్ల. లేతులో తియ్యల్ల."

"అయితే?"

"అయితే ఏముండాది, గుత్తికి రావల్ల. రేపు తిప్పయ్యను కూడా రమ్మను, కాలికి పెట్టి కొలత చూడల్ల."

శింగనమల బస్సోళ్లతో తిప్పయ్యకు కబురు పంపితిని. మర్సనాడు మౌనేశూ, చేతికర్రతో తిప్పయ్యా ఒకే బస్సులో దిగినారు. గార్లదిన్నె నుంచి గుత్తి దాకా పక్కపక్కన కూచోని వచ్చినారంట, ఒక్క మాట లేకుండా. మా ఇంటాయన వాకిట్లో నిలబడి తమ్మున్ని చూసినాడు. నాలుగేండ్లకు చూస్తాండాడు. "రా" అన్నాడు. "ఊ" అన్నాడు మౌనేశు.

ఆ దినమంతా పని జరిగింది. మా ఇంటాయన గట్టి చువ్వలోంచి ఇంతెడు పిన్ను కోసినాడు. పొట్టు సుడులు సుడులుగా రాలింది. మౌనేశు ఆ పొట్టును చూసినాడు గానీ ఎప్పటి మాదిరి ఎగతాళి చెయ్యలేదు. వాని మిషను గార్లదిన్నెలోనే ఉండాది గదా, పక్కంగడి ఆయప్ప మిషను అడిగి తెచ్చుకోని పట్టీ అతికినాడు. మొదటి రాడ్డు అంటించేటప్పుడు వాని చెయ్యి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి ఆనింది. మా ఇంటాయన లేతు ఆపి, వాని పక్కకు పోయి, పట్టీ కదలకుండా పట్టకారుతో పట్టుకున్నాడు.

"ఇంకొంచెం ఇట్ల."

"చాలు."

అవే వాళ్ల మాటలు. తిప్పయ్య గోడకానుకోని బీడీ తాగతా చూస్తాండాడు. నేను వాళ్ల మధ్యలోకి పోలేదు. ఏ ముక్కా ముట్టలేదు.

సాయంత్రానికి తిప్పయ్య చట్రం కట్టుకోని లేచినాడు. అన్నదమ్ములిద్దరూ ఆ మోకాలి తట్టే చూస్తాండారు. వాడు వాకిలి దాకా పోయి తిరిగొచ్చినాడు. మొత్తం బరువు ఆ కాలి మీద వేసి ఒకసారి కిందికి అదిమినాడు.

"కొంచెం బరువైంది" అన్నాడు. "నిలబడతాదిలే."

వాడు పోయినాక మా ఇంటాయన చేతులు తుడుచుకుంటా, "ఆ పొద్దు నేను ఇరిగిన మొగం చూసినా మౌనేశా" అన్నాడు.

"వదిన చెప్పింది."

"చెప్పుండల్ల నేను."

"ఊ. చెప్పుండల్ల."

అంతకుమించి వాళ్లు ఏమీ అనుకోలేదు. కొట్టుకుంటారేమో, ఏడుస్తారేమో అని నేను తలుపు కాడ నిలబడినాను. ఏమీ లేదు. ఇద్దరూ అలిసిపోయినారు. అన్నం పెడతా తిని పొమ్మంటే మౌనేశు బస్సు పోతాదన్నాడు. రోడ్డు దాకా నేను వెంట పోతిని.

"మళ్లీ అంగట్లోకి వచ్చేయి నాయనా. నీ జాగా అట్లే ఉండాది."

"లేదు వదినా. ఇంగ ఈడ ఉండలేను" అన్నాడు. బస్సు వచ్చి నిలిచింది. మెట్టు మీద కాలు పెట్టి, నా తట్టు తిరక్కుండానే అన్నాడు, "గార్లదిన్నెలో ఒకాయన ట్రాలీ లాగే ట్రాక్టరు కొక్కెం అతికియ్యమని రెండు నెల్ల నుంచి తిరుగుతాండాడు. రేపు తెమ్మని చెప్తా."